కాటా మీద డిఫెండర్

నా బరువు ఎనభై నాలుగు కిలోలు. ముందే చెప్పేశాను. పెళ్ళిళ్ళలో, లిఫ్టుల్లో, ఆటో ఎక్కేటప్పుడు జనం నా వంక చూసి లోలోపల లెక్కలు కట్టుకుంటూ ఉంటారు, వాళ్ళకెందుకు ఆ శ్రమ? యాప్రాల్‌లో మా ఫ్లాట్లో ప్రతి ఆదివారం టీవీ మీద ఆడే ఫుట్‌బాల్ గేమ్‌లో నేను ఫార్వర్డ్‌ని. అక్కడ కూడా నా బరువు ఎనభై నాలుగే, గ్రాము తక్కువ కాదు. గోల్‌పోస్టుకి వీపు పెట్టి, కాళ్ళు ఎడంగా వేసి బంతి అందుకున్నానంటే నన్ను పక్కకి నెట్టే మొనగాడు ఆ మైదానంలో ఒక్కడే ఉండేవాడు. వాడు మా మరిది.

నేను కాపురానికి వచ్చేనాటికి వాడు స్కూలు యూనిఫాంలో ఉన్నాడు. ముప్పై దాటినా ఇప్పటికీ అందుకే వాడు అంటాను. మౌలాలిలో రైల్వేలో పని, అక్కడే క్వార్టర్, పెళ్ళి ఇంకా కాలేదు. శనివారం సాయంత్రం బండేసుకుని మా ఇంటికొచ్చి బాల్కనీ పక్క గదిలో పడుకుంటాడు, సోమవారం పొద్దున్నే డ్యూటీకి పోతాడు. ఇక ఇంట్లో ఉండేది మా ఆయన, మా అత్తగారు, నేను.

మొదట్లో ఆ గేమ్ అన్నదమ్ములిద్దరిదే. అందులో మనకు కావలసిన ఆటగాణ్ణి మనమే తయారు చేసుకోవచ్చు. ముఖం, జుట్టు, ఎత్తు, బరువు, ఒంటి తీరు, అన్నీ మన ఇష్టం. ఒక ఆదివారం నేను ఉప్మా ప్లేట్లు పట్టుకుని హాల్లోకి వచ్చేసరికి తెర మీద ఒక కుర్రాడు పరిగెడుతున్నాడు. పొడుగు కాళ్ళు, చదునైన పొట్ట. ముఖం మాత్రం ఎక్కడో చూసినట్టుంది.

"ఎవరండీ ఈ అబ్బాయి?" అన్నాను.

"నేనే," అన్నారు మా ఆయన.

"మీరా? మరి పొట్టేదీ? గ్రౌండుకెళ్తూ ఇంట్లో మర్చిపోయారా?"

మరిది పడీపడీ నవ్వాడు. "వదినా, అన్న అరవై ఎనిమిది కిలోలు పెట్టుకున్నడు!"

"గేమే గదనే, ఎవడు చూస్తడు?" అన్నారు మా ఆయన, చెవులు ఎర్రబడుతుంటే.

"నేను చూస్తాను," అన్నాను.

ఇక్కడ మా పుట్టింటి సంగతి చెప్పాలి. మా నాన్నగారు గోదావరి జిల్లా నుంచి వచ్చి బోయిన్‌పల్లి మార్కెట్లో ఉల్లిపాయల కమీషన్ దుకాణం పెట్టారు. నేను తూకాల మధ్య పెరిగినదాన్ని. గోనె తడిపితే బరువెక్కువ తూగుతుందని, బస్తా అడుగున రాయి పెట్టి మూతి కుడతారని, కాటా అంచుకి ఎవరికీ కనపడకుండా కాలు ఆనిస్తారని అఆలకన్నా ముందే నేర్చుకున్నాను. మా నాన్నగారిది ఒకటే సూత్రం. కన్ను చెప్పిందీ కాటా చెప్పిందీ కలవలేదంటే, మాట్లాడకుండా బస్తా విప్పు. ఆయన దుకాణం మూసేసినప్పుడు మా అక్క ఇత్తడి బిందెలు తీసుకుంది, నేను బస్తాలు తూచే పాత ఇనుప కాటా తెచ్చుకున్నాను. దాంతోపాటు త్రాసులో వేసే తూకం రాళ్ళు కూడా. ఆ కాటాకి మనిషి ఎక్కి నిలబడేంత పలక, ఎదురుగా ఒక దండె, దండె మీద గాట్ల వెంట జరిపే చిన్న గుండు. దాన్ని నలుగురు కలిసి మూడో అంతస్తుకి ఎక్కిస్తుంటే, "ఇంట్ల మనుషులుంటరా, ఉల్లిగడ్డ బస్తాలుంటయా?" అని మా ఆయన విసుక్కున్నారు. చాలా కాలం దాని మీద మనీప్లాంట్ కుండీ ఉండేది.

ఆ ఆదివారం ఆ కుండీ తీసి పక్కన పెట్టాను.

"ఎక్కండి," అన్నాను మా ఆయనతో. "అత్తయ్యా, అంకె మీరే చూడండి. కొడుకు కదా అని తగ్గించి చెప్పకూడదు."

"నేనెందుకు తగ్గిస్త బిడ్డా? తినెటప్పుడు వాడు తగ్గిచ్చిండా?" అంటూ చిక్కుడుకాయల పళ్ళెం పక్కన పెట్టి లేచారు అత్తగారు. వాళ్ళ మాటలో తూచడాన్ని జోకడం అంటారు. ఆవిడ ఒక కన్ను మూసి, గుండును ఒక్కో గాటూ జరుపుతూ, దండె గాల్లో నిలబడేదాకా జోకి, వేలంపాట పాడేవాడిలా కేకేశారు. "ఎనభై తొమ్మిది!"

ఆ అంకె నేనే గేమ్‌లో కొట్టాను. తెర మీది కుర్రాడికి ముందు దవడలు వచ్చాయి, తర్వాత పొట్ట వచ్చింది, ఆపైన మా ఆయన వచ్చారు. అప్పటినుంచీ మా ఇంట్లో అదే ఆచారం. ఆదివారం టిఫిన్ కాగానే అందరూ కాటా ఎక్కాలి, అత్తగారు జోకాలి, వచ్చిన అంకె గేమ్‌లో ఎక్కాలి, ఆ తర్వాతే ఆట. ఓడినవాళ్ళు మధ్యాహ్నం మటన్ గిన్నెలతో సహా అన్నీ తోమాలి. నేను ఓడిన రోజు పక్క ఫ్లాటువాళ్ళకి కూడా తెలిసిపోతుంది. అంత మోత మోగిస్తాను గిన్నెలతో. ఓటమిని నవ్వుతూ తీసుకోవాలని చెప్పేవాళ్ళు ఎప్పుడూ గెలవనివాళ్ళై ఉంటారు.

మా ఆయన కాటా ఎక్కే తంతు చూసి తీరాలి. వాచీ తీసేస్తారు, ఫోన్ తీసేస్తారు, బెల్టు తీసేస్తారు, జేబులో తాళం చెవి ఉందేమోనని తడుముకుంటారు. ఒకసారి చొక్కా కూడా విప్పబోతే, "సిగ్గు లేదురా, కోడలు ముంగట నా పరువు తీస్తవా?" అని అత్తగారు ఆపారు. మార్కెట్లో ప్రతివాడూ బరువు ఎక్కువ తూగాలని దొంగవేషాలు వేస్తాడు. మా హాల్లో అందరూ తక్కువ తూగాలని వేసేవాళ్ళు.

నా జట్టులో నేను ఫార్వర్డ్, అత్తగారు గోల్‌కీపర్. మరిది జట్టులో వాడు డిఫెండర్, మా ఆయన వింగర్. మిగతావాళ్ళు గేమ్ ఇచ్చిన కుర్రాళ్ళు. ఆ గేమ్‌లో ఆడవాళ్ళనీ మగవాళ్ళనీ ఒకే జట్టులో కలపనివ్వరు. అయితే ఏం? జుట్టు వెనక్కి ముడేసిన మగాడిగా నన్ను నేను తయారు చేసుకున్నాను. అత్తగారినీ అంతే. ఆవిడ ఎత్తు అందులో లేనే లేదు, అంత పొట్టి మనిషి బంతి ముట్టుకోకూడదు కాబోలు. ఉన్నవాటిలో అన్నిటికన్నా తక్కువది పెడితే, "నన్ను జెర గుంజి పొడుగు చేసినవు గదనే," అని మురిసిపోయారు.

బరువంటే ఏమిటో ఆ గేమ్ ఆడితే తెలుస్తుంది. సన్నగా ఉన్నవాడు మొదటి నాలుగు అంగల్లో దూసుకుపోతాడు, చటుక్కున తిరుగుతాడు, కానీ భుజానికి భుజం తగిలితే ఎగిరి పడతాడు. లావుగా ఉన్నవాడికి ఆ మొదటి అంగలే రావు, ఒకసారి ఊపందుకుంటే మాత్రం దారిలో ఎవరూ ఉండకపోవడం మంచిది. రెండో సగంలో ఆయాసం వస్తుంది, కాళ్ళు ఈడుస్తాడు. దీన్ని చూసి మా ఆయన మొదట్లో, "మన బరువులు పెడితే గేమ్ ఖరాబైతది," అని గొణిగేవారు. ఆయనకి తెలియలేదు, నాకు తెలిసింది. బరువు తప్పు కాదు, బరువున్న మనిషిని ఎక్కడ నిలబెట్టాలో తెలియకపోవడం తప్పు. నేను నన్ను పరిగెత్తించేదాన్నే కాదు. గోల్ ముందు పాతిపెట్టేదాన్ని. బంతి నా దగ్గరికే రావాలి, వచ్చాక అది నాది. కార్నర్ కొడితే సన్నకుర్రాళ్ళు నా చుట్టూ చీపురుపుల్లల్లా రాలిపోయేవాళ్ళు. పెళ్ళిళ్ళ సీజన్లో నా బరువు రెండు కిలోలు పెరిగితే ఆట తీరు మార్చి, ఆయాసం రాకముందే, మొదటి సగంలోనే గోల్స్ కొట్టేసేదాన్ని. ఒంటి తీరు దగ్గర కూడా అంతే. సన్నం, మామూలు, దిట్టం అని మూడు రకాలుంటాయి. అందరూ మామూలు నొక్కుతారు. నేను దిట్టం నొక్కాను, నా గేమ్‌లోనూ, నా బతుకులోనూ.

అయితే అవతల మా మరిది ఉన్నాడుగా. వాడి బరువు తొంభై ఆరు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడంటారే, అదీ సంగతి. నేను వీపు పెట్టి నిలబడితే వాడి డిఫెండర్ వెనకనుంచి వచ్చి భుజం ఆనించేవాడు, అంతే, నేను గడ్డి కరిచేదాన్ని. "పడ్డవా వదినా? దెబ్బ తాకిందా? జెండూబామ్ తేవాల్నా?" అని అడిగేవాడు ఎంతో మర్యాదగా. నాకు ఒళ్ళు మండేది. బయట కూడా వాడు అంతే దిట్టంగా ఉండేవాడు, వాళ్ళ క్వార్టర్స్‌లో అందరూ పహిల్వాన్ అని పిలిచేవాళ్ళు. అన్నం మూడోసారి వడ్డించుకుంటూ, "డిఫెన్స్ బలంగుండాలె గద వదినా," అనేవాడు. వాడు తింటుంటే చూడడం మా అత్తగారికి పండగ. ఆవిడకి పండగలు తక్కువ. మామగారు షుగరుతో పోయారు. ముందు చిక్కిపోయారట, తర్వాత కాలికి పుండు, తర్వాత కాలు తీసేయడం, ఆ తర్వాత మనిషే లేకపోవడం. ఇదంతా నా పెళ్ళికి ముందు. ఆ కాలు సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

పోయిన ఎండాకాలం చివర్లో ఒక ఆదివారం అత్తగారు గుండు ఎప్పటి గాటు దగ్గర పెడితే దండె లేవలేదు. వెనక్కి జరిపారు. "తొంభై మూడు." మరుసటివారం ఇంకా తగ్గింది, పై వారం ఇంకా. మేం చప్పట్లు కొట్టాం. "ఏం అబ్బాయ్, ఎవరినైనా చూసి మనసు పారేసుకున్నావా?" అని నేను ఏడిపించాను. "ఏం తింటున్నవో నాక్కూడ చెప్పురా," అని మా ఆయన బతిమాలారు. గేమ్‌లో వాడి డిఫెండర్ చురుగ్గా తిరగడం మొదలుపెట్టాడు, మా ఆయన సంబరపడ్డారు. నాకు ఇంకా సంబరం, ఎందుకంటే ఇప్పుడు భుజం తగిలితే పడేది నేను కాదు. ఒకే ఆటలో వాణ్ణి మూడుసార్లు పడేసి సోఫా మీద నిలబడి కేకలు పెట్టాను. చిక్కిన మనిషిని చూసి చప్పట్లు కొట్టడం మాలాంటి గేమ్‌పిచ్చి ఇంట్లోనే జరుగుతుంది.

అత్తగారు ఒక్కరే చప్పట్లు కొట్టలేదు. గుండు మీద వేలు అలాగే పెట్టి, "ఏందిరా గిట్ల దిగుతున్నవు? మీ నాయన సుత గిట్లనే..." అని ఆగిపోయారు.

"ఎండలమ్మా. డ్యూటీల షెడ్డు కింద చెమట. గంతే," అన్నాడు వాడు.

ఆ పై ఆదివారం వాడి బరువు నిలబడింది. ఆ తర్వాత పెరిగింది. ఇంకో వారానికి తొంభై ఐదు. అత్తగారి ముఖం విప్పారింది, ఇంకో రెండు గారెలు వేశారు వాడికి. గేమ్‌లో మళ్ళీ నేను గడ్డి కరవడం మొదలైంది. గిన్నెలు మోగాయి.

కానీ నా కన్ను ఒప్పుకోలేదు. కాటా తొంభై ఐదు అంటోంది, చొక్కా భుజాల దగ్గర జారిపోతోంది. బెల్టుకి కొత్త చిల్లు పడింది, ఆ చిల్లు మేకుతో పొడిచింది, షాపులో వేసింది కాదు. ఆట మధ్యలో ఒక సీసా నీళ్ళు ఖాళీ చేసేవాడు. హాఫ్‌టైం అవగానే బాత్రూంకి లేచేవాడు, హాఫ్‌టైం అవకముందు కూడా లేచేవాడు. ఎండాకాలం పోయి వానలు పడుతున్నాయి, ఇంకా ఏం దాహం? నాకు అనుమానం వచ్చింది, కానీ నా అనుమానం వేరే. వీడు నన్ను గెలవడానికి ఏదో మాయ చేస్తున్నాడనుకున్నాను.

ఆ ఆదివారం పొద్దున్నుంచీ మబ్బు పట్టి గాలి వీస్తోంది. నేను పెసరట్లు పోస్తుంటే బాల్కనీ తలుపు దఢాలున కొట్టుకుంది. మళ్ళీ కొట్టుకుంది. ఆ తలుపుకి అడ్డంగా మా నాన్నగారి తూకం రాయి ఒకటి ఉంటుంది, పది కిలోలది, అది ఉండగా తుఫాను వచ్చినా తలుపు కదలదు. వెళ్ళి చూస్తే రాయి లేదు. మంచం కింద చూశాను, లేదు. దాని పక్కన ఉండే రెండు కిలోలది కూడా లేదు. ఇనుప రాళ్ళకి కాళ్ళొస్తాయా?

హాల్లోకి వచ్చేసరికి వాడు కాటా ముందు నిలబడి ఉన్నాడు, ఆ మధ్య ప్రతి ఆదివారం తగిలించుకునే ముసుగున్న లావుపాటి స్వెట్‌షర్ట్ వేసుకుని. అత్తగారు గుండు మీద చెయ్యి వేసి తయారుగా ఉన్నారు.

"బాల్కనీలో నా రాళ్ళు ఎవరు తీశారు?" అన్నాను.

గుమ్మడికాయల దొంగంటే ఎవడో భుజాలు తడుముకున్నాడట, మావాడు నడుం తడుముకున్నాడు.

నేను బోయిన్‌పల్లి పిల్లని. ఒక్క అంగలో వెళ్ళి ఆ స్వెట్‌షర్ట్ పైకెత్తాను. తువ్వాలు మెలిపెట్టి నడుముకి బిగించాడు, ఒక పక్క పెద్దరాయి, ఇంకో పక్క చిన్నరాయి. "మోసమా? మా నాన్న కాటా మీద, మా నాన్న రాళ్ళతో మోసమా? సిగ్గులేనోడా, నన్ను పడెయ్యడానికి ఇంత దిగజారాలా?" అని అరిచాను. మా ఆయన నవ్వడం మొదలుపెట్టారు. నేను తువ్వాలు ముడి లాగాను. రాళ్ళు నా చేతిలోకి వచ్చాయి, తువ్వాలు కిందపడింది, వాడి ప్యాంటు జారబోతే రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆ తువ్వాలు తీసేశాక లోపల మిగిలిన నడుం చూశాను. ఎముకలు తేలి ఉన్నాయి.

వాడి చెయ్యి పట్టుకుని బాల్కనీలోకి లాక్కెళ్ళి తలుపేశాను. అడ్డు పెట్టడానికి రాళ్ళు నా చేతిలోనే ఉన్నాయి.

"ఎన్నాళ్ళనుంచి?"

"వదినా, నాకేం గాలే. జెర వీక్‌నెస్ అంతే."

"అబద్ధం చెప్పావంటే ఈ రాయి నీ కాలి మీద వేస్తాను."

వాడు కాళ్ళవంక చూసుకున్నాడు. ఆ చూపులో ఉంది మొత్తం. "నాన్నకు గిట్లనే షురూ అయింది వదినా. నీళ్ళ దూప, చిక్కిపోవుడు, కండ్లు మసకలు. పోయి చూపించుకుంటే షుగరే అంటరు. అంటే ఏమైతదో నాకు తెల్వదా? కాలు తీసిన దినం నాయన పక్కన నేనే ఉన్న. అమ్మ బయట కూసోని ఉండె." జారుతున్న ప్యాంటు బిగించి పట్టుకున్నాడు. "అమ్మకు చెప్పకు. అమ్మ పరేషాన్ అయితది. కాటా మీద అంకె మంచిగ కనిపిస్తే అమ్మ ఆ వారమంతా మంచిగ తింటది. నీ మీద గెలుసుడు కోసం కాదు వదినా, ఒట్టు."

నాకు ఏడుపొచ్చింది, దానికన్నా ముందు కోపమొచ్చింది. నేను రెండూ దాచుకోలేదు. "ఒరేయ్ పిచ్చి సన్నాసీ, మామగారికి చెప్పేవాళ్ళు లేక, చూసేవాళ్ళు లేక ఆలస్యమైంది. నీకు నేను లేనా? నీ కాలు ఎలా పోతుందో నేనూ చూస్తాను. ముందు నా కాలు దాటి పోవాలి అది. చెప్పులేసుకో."

"ఇప్పుడా? ఆట..."

"నడువ్!"

స్కూటీ నేనే నడిపాను. వెనక వాడు కూర్చుంటే బండి బరువెక్కడం నాకు అలవాటు, ఆ రోజు ఎక్కలేదు. ఆదివారం కూడా తెరిచి ఉండే క్లినిక్ మెయిన్ రోడ్డు మీద ఉంది. వేలికి సూది గుచ్చి మిషన్‌లో చూసిన నర్సమ్మ, ఏమీ అనకుండా ఇంకో వేలికి గుచ్చింది. డాక్టరుగారు మా ఈడు ఆవిడ. వాడి పాదాలు రెండూ చేతిలోకి తీసుకుని, వేళ్ళ సందులు చూసి, ఒక దారంలాంటిదాన్ని అరికాలికి ఆనించి, తెలుస్తోందా అని అడిగింది. తెలుస్తోందన్నాడు. ఇంకోచోట ఆనించింది. అక్కడా తెలుస్తోందన్నాడు.

"షుగరే. బాగా ఎక్కువగా ఉంది," అంది ఆవిడ. "ఇంకొన్నాళ్ళు దాచి ఉంటే మీరు నా దగ్గరికి కాదు, ఐసీయూకి వచ్చేవారు. కాళ్ళు బాగున్నాయి. మందు వాడితే బాగానే ఉంటాయి. ముందు ఇన్సులిన్, తర్వాత మాత్రలు. బరువు మళ్ళీ వస్తుంది, కానీ పాత బరువంతా నాకొద్దు."

"నాకూ వద్దండీ, ఆ బరువుతో నన్ను తెగ పడేసేవాడు," అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు. మరిది మాత్రం చాలా రోజుల తర్వాత నవ్వాడు.

ఇంటికొచ్చేసరికి అత్తగారు కాటా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు. ఆ తువ్వాలు ఆవిడ ఒళ్ళో మడతపెట్టి ఉంది. ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. వాడు ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడి, "అమ్మా, షుగర్ ఉన్నదట," అన్నాడు.

ఆవిడ ఏడవలేదు. వాడి తల మీద ఒకటి మొట్టారు, గట్టిగా. "మీ నాయన సుత గిట్లనే దాసిండు. అడిగితే గ్యాస్ అన్నడు. ఆయన నోటితోని అబద్ధం జెప్పిండు, నువ్వేమో నా చేతులతోనే అబద్ధం జోకిచ్చినవు గదరా. నా కండ్లతోనే నన్ను మోసం జేస్తివి. నేను సంబురపడి గారెలు వెట్టిన!" అప్పుడు ఆ తువ్వాలు కళ్ళకి అద్దుకున్నారు. "గారెలు వెట్టిన గదరా, షుగరున్నోనికి..."

మా ఆయన ఆవిడ పక్కన నేల మీద కూర్చున్నారు. నేను పెసరట్ల పిండి ఫ్రిజ్‌లో పెట్టి అందరికీ మజ్జిగ తెచ్చాను.

ఆ సాయంత్రమే గేమ్‌లో అంకె మార్చాలన్నాను. మా ఆయన అడ్డం పడ్డారు. "ఎందుకే? పాపం, గేమ్‌లనైనా తొంభై ఐదు ఉండనీ. వాని మనసు..." నేను ససేమిరా అన్నాను. ఒకసారి ఆ తెర మీద అబద్ధం ఉంచితే ఇంట్లో కూడా ఉంచుతాం. "ఎక్కు," అన్నాను మరిదితో. ఎక్కాడు. అత్తగారు గుండును వెనక్కి జరుపుతూ, జరుపుతూ, ఎనభై రెండు దగ్గర ఆపారు. నాకన్నా తక్కువ. ఆవిడ కేకేయలేదు, మెల్లగా చెప్పారు. నేను కొట్టాను. తెర మీద గోడలాంటి మనిషి కరిగి ఒక మామూలు కుర్రాడు మిగిలాడు.

"ఇగ వీడు డిఫెన్స్‌కు పనికిరాడు," అన్నాడు వాడు తన బొమ్మ వంక చూస్తూ.

"గోల్ ముందు పనికిరాడు. పక్క లైనులో పనికొస్తాడు. ఇప్పుడు తిరగగలడు, పరిగెత్తగలడు. నీ బరువు మారింది అబ్బాయ్, నిలబడే చోటు మార్చుకో," అన్నాను. ఆ వారం తన బొమ్మని ఎడమ పక్క వెనకలైనులోకి మార్చాడు. ఆ వారం, తర్వాతి వారాలూ నేను వాణ్ణి కనికరం లేకుండా ఓడించాను. జాలిపడి ఒక్క గోల్ కూడా వదల్లేదు. వాడు కూడా నన్ను వదలమని అడగలేదు. గిన్నెలు తోముతూ, "చూస్తుండు వదినా," అనేవాడు. క్వార్టర్ ఖాళీ చేయించి వాణ్ణి మా ఇంటికే తెచ్చుకున్నాం. పొద్దున ఇన్సులిన్ నా ముందే వేసుకోవాలి, నడకకి అన్నదమ్ములిద్దరూ పోవాలి. మా ఆయన పొట్ట కూడా ఒక గాటు వెనక్కి జరిగింది, ఆ సంగతి ఆయన అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి కూడా చెప్పారు. రాత్రి నిద్రకి ముందు అత్తగారు కొడుకు పాదాలు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళద్దాలు తుడుచుకుని మరీ, వేలు వేలు సందూ చూసేవారు. మొదట్లో వాడు సిగ్గుపడి కాళ్ళు లాక్కునేవాడు. తర్వాత తనే చాచేవాడు.

కొన్ని వారాలు అంకె కదల్లేదు. ఎనభై రెండు, మళ్ళీ ఎనభై రెండు. డాక్టరమ్మ బాగానే ఉందంటోంది, షుగరు దిగుతోంది, కానీ మా ఇంట్లో అందరికీ నమ్మకం కాటా మీదే. ఆదివారాలు అత్తగారు గుండు ముట్టుకునే ముందు కొంగుతో చెయ్యి తుడుచుకోవడం చూశాను.

ఇది మొన్న చలికాలం మొదట్లో మాట. టిఫిన్ అయింది. మరిది కాటా దగ్గరికి వచ్చాడు. ఎవరూ అడక్కుండానే జేబులు రెండూ బయటికి తీసి చూపించాడు. చొక్కా ఎత్తి నడుం చూపించాడు. "బస్తా విప్పిన వదినా, చూస్కో," అన్నాడు. బాల్కనీలో రాళ్ళు రెండూ ఎక్కడివక్కడే ఉన్నాయని నేను అప్పటికే చూసి వచ్చాను.

ఎక్కాడు. అత్తగారు గుండును ఎనభై రెండు దగ్గర పెట్టారు. దండె టక్కున పైకి లేచి ఆగింది. ఒక గాటు ముందుకి జరిపారు. ఇంకా పైనే ఉంది. ఇంకొంచెం జరిపారు. దండె మెల్లగా దిగి, గాల్లో ఊగి, నిలబడింది.

"ఎనభై నాలుగు," అన్నారు.

వాడు దిగబోయాడు. అత్తగారు గుండును మొదటికి తోసేసి, వాడి మోచెయ్యి పట్టుకున్నారు.

"ఇంగోసారి ఎక్కు బిడ్డా," అన్నారు. "మళ్ళ చూడాలె."

వాడు మళ్ళీ ఎక్కాడు. ఆవిడ మళ్ళీ గాటు గాటూ జరుపుకుంటూ వచ్చారు, కళ్ళ నీళ్ళతో గాట్లు కనపడక వేలితో తడుముకుంటూ. మళ్ళీ అక్కడే నిలబడింది. ఈసారి కేకేశారు, పక్క ఫ్లాటుకి వినపడేలా.

ఆ అంకె నేనే కొట్టాను. ఇప్పుడు గేమ్‌లో వాడూ నేనూ సరిసమానం. ఆట చివర్లో నేను గోల్‌కి వీపు పెట్టి బంతి అందుకున్నాను. పక్క లైను నుంచి వాడు వచ్చి భుజం ఆనించాడు. నేను గడ్డి కరిచాను. బంతి తీసుకుపోయి మా ఆయనకిచ్చాడు, ఆయన గోల్ కొట్టారు, మా అత్తగారి తలమీదుగా.

"పడ్డవా వదినా? జెండూబామ్ తేవాల్నా?" అన్నాడు.

ఓడిపోయాను. మధ్యాహ్నం మటన్ గిన్నెలతో సహా అన్నీ తోమాను. సాయంత్రం పక్క ఫ్లాటావిడ తలుపు కొట్టి, ఇవాళ మీవాళ్ళ ఆట లేదా, గిన్నెల చప్పుడే రాలేదు అని అడిగింది.